జబ్బు కనబడని రోజుల్లోనూ మందు: యల్లాప్రగడ సుబ్బారావు జీవితం



జనవరి 12 అనగానే బడుల్లో వివేకానందుడి ఫొటోకి దండ వేసి యువజన దినోత్సవం జరుపుతాం. పిల్లలు కాషాయం తలపాగా చుట్టుకుని స్టేజి మీద స్పీచ్ ఇస్తారు. మీరు ఫోన్లో వీడియో తీసుకుంటారు. అదే తేదీన, 1895లో, మన భీమవరంలో ఇంకో బిడ్డ పుట్టాడు. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన పేరు మీలో కొందరు విని ఉంటారు, చాలామంది విని ఉండరు. కానీ ఆయన చేతిమీదుగా వచ్చినవి మాత్రం మీ ఇంట్లోకి ఎప్పుడో వచ్చేశాయి. కడుపుతో ఉన్నప్పుడు ప్రతి తల్లీ వేసుకున్న ఫోలిక్ యాసిడ్ మాత్ర వెనక ఆయన నడిపిన ప్రయోగశాల ఉంది. బోదకాలు రాకుండా ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి మింగించే డీఈసీ మాత్ర వెనకా అదే ప్రయోగశాల ఉంది.

ఈ నెల మీకు చెప్పాలనుకున్నది వీటితో పాటు మూడో మాత్ర గురించి. దాని పేరు మెథోట్రెక్సేట్. బ్లడ్ క్యాన్సర్ వచ్చి, వైద్యం జరిగి, రక్తపరీక్షలో జబ్బు ఆనవాలు కూడా లేని పిల్లలు దీన్ని వారానికి ఒకసారి వేసుకుంటారు. అదీ నెలా రెండు నెలలు కాదు, ఏళ్ళ తరబడి. జబ్బు కనబడనప్పుడు మందు ఎందుకు? ఈ ప్రశ్న ఆ పిల్లల ఇళ్ళలో చాలాసార్లు వస్తుంది. బంధువులు అడుగుతారు, పెద్దవాళ్ళు అడుగుతారు, ఒక్కోసారి పిల్లలే అడుగుతారు. సుబ్బారావు గారి జీవితం చెప్పుకుంటూ పోతే దానికి జవాబు దొరుకుతుంది.

మూడోసారికి మెట్రిక్

సుబ్బారావు గారి తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఇంట్లో పిల్లలు ఎక్కువ, డబ్బు తక్కువ. బడి చదువు రాజమండ్రిలో సాగింది. సాగింది అనడం కూడా సరికాదేమో. పుస్తకం మీద ఆయన మనసు నిలిచేది కాదు. 13 ఏళ్ళ వయసులో కాశీ వెళ్ళి, యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదించాలని ఇల్లు వదిలి బయల్దేరాడని, తల్లి దారిలోనే పట్టించి వెనక్కి తెచ్చుకుందని ఆయన జీవితకథ రాసినవాళ్ళు చెబుతారు. మెట్రిక్ పరీక్ష మొదటిసారి తప్పారు. రెండోసారీ తప్పారు. మద్రాసు హిందూ హైస్కూల్లో చేరి మూడోసారికి గట్టెక్కారు.

ఇది చదివి మీరు ఏమనుకుంటారో ఊహించగలను. ర్యాంకులూ స్లిప్ టెస్టులూ ఉండే మన బడుల్లో ఈ మాట చెప్పడం కొంచెం ఇబ్బందే. మార్కులు అక్కర్లేదని నేను అనను, ఆయన తర్వాత చదివిన చదువు మామూలుది కాదు. ఇంటి పరిస్థితి ఎలా ఉన్నా వెంకమ్మ గారు కొడుకు చదువు ఆగనివ్వలేదు. మన కథకు కావలసింది అది. రెండుసార్లు తప్పిన పిల్లవాణ్ణి మూడోసారి పరీక్షకు కూర్చోబెట్టిన తల్లి లేకపోతే తర్వాతివి ఏవీ లేవు.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ చదివేటప్పుడు ఆయన మనసు రామకృష్ణ మిషన్ వైపు మళ్ళింది. సన్యాసం తీసుకుని సేవ చేయాలనుకున్నారు. వైద్యం నేర్చుకుంటే ఎక్కువమందికి పనికొస్తావని అక్కడి పెద్దలు చెప్పాక మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. ఫీజుకు డబ్బు లేదు. మిత్రులు సాయపడ్డారు, కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు సాయపడ్డారు. తర్వాత ఆయన కూతురు శేషగిరినే సుబ్బారావు గారు పెళ్ళి చేసుకున్నారు.

ఖద్దరు గౌను

అది గాంధీ గారి పిలుపు దేశమంతా మోగుతున్న కాలం. విదేశీ గుడ్డ మానేయమన్నారు. సుబ్బారావు గారు ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు గౌనుతోనే వెళ్ళారు. సర్జరీ ప్రొఫెసర్ ఆంగ్లేయుడు, ఆయనకు అది నచ్చలేదు. రాతపరీక్షలు బాగా రాసినా చివరికి సుబ్బారావు గారి చేతికి ఎంబీబీఎస్ రాలేదు, దానికంటే తక్కువదైన ఎల్‌ఎంఎస్ సర్టిఫికెట్ వచ్చింది. మద్రాసు వైద్య సర్వీసులో ఉద్యోగానికి ప్రయత్నిస్తే దొరకలేదు. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో అనాటమీ లెక్చరర్‌గా కుదురుకున్నారు.

ఆ రోజుల్లోనే ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. ఇద్దరు అన్నదమ్ములు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ అనే జబ్బుతో పోయారు. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోతుంది, మనిషి చిక్కి శల్యమవుతాడు. అప్పట్లో ఎందుకొస్తుందో తెలియదు, మందు లేదు. ఇంట్లో రెండు చావులు చూసిన డాక్టరు, తన చదువు వాళ్ళకు ఎందుకూ పనికిరాలేదని తెలుసుకున్న డాక్టరు ఏం చేయాలి? ఆయన ప్రాక్టీసు పెట్టలేదు. జబ్బు మూలం వెతకాలని అమెరికా ప్రయాణం కట్టారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తానంది, మామగారు ఇంకొంత పోగుచేశారు. 1920ల తొలి ఏళ్ళలో ఓడెక్కి బోస్టన్ చేరారు.

తర్వాత ఆయన ఎప్పుడూ స్వదేశం రాలేదు. భార్యను మళ్ళీ చూడలేదు. పుట్టిన బాబు పసితనంలోనే పోయాడు, ఆ బిడ్డను తండ్రి ఒక్కసారి కూడా చూడలేదు. గొప్పవాళ్ళ కథలు పిల్లలకు చెప్పేటప్పుడు ఈ భాగం దాటేస్తుంటాం. శేషగిరి గారు ఇక్కడ గడిపిన ఏళ్ళు కూడా ఈ కథలో భాగమే కాబట్టి మీకు చెబుతున్నాను.

బోస్టన్‌లో రాత్రి డ్యూటీ

హార్వర్డ్‌లో ఉష్ణదేశ వ్యాధుల డిప్లొమా చదువుతూ, పొట్ట గడవడానికి ఒక ఆసుపత్రిలో రాత్రిపూట చిల్లర పనులు చేశారు. చేతిలో డాక్టరు సర్టిఫికెట్ ఉంది, చేసేది పోర్టరు పని. ఆ తర్వాత హార్వర్డ్ మెడికల్ స్కూల్లోనే బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్కే దగ్గర చేరారు.

ఇద్దరూ కలిసి రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతి కనిపెట్టి 1925లో ప్రచురించారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే పేరుతో అది ప్రపంచమంతా లాబ్‌లకు వెళ్ళింది. 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని చూపించారు. 1929లో ఏటీపీని వేరుచేశారు, అదే సమయంలో జర్మనీలో లోమన్ కూడా దాన్ని కనుగొన్నాడు. మీ అమ్మాయో అబ్బాయో పదో తరగతి బయాలజీలో శ్వాసక్రియ పాఠం చదివేటప్పుడు ఏటీపీ అన్న మూడు అక్షరాలు బట్టీ పడతారు. ఈసారి పక్కన కూర్చున్నప్పుడు ఆ అక్షరాల వెనక ఒక భీమవరం మనిషి ఉన్నాడని చెప్పండి. గుర్తుంచుకుంటారు.

1930లో పీహెచ్‌డీ వచ్చింది. ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత స్థానం దొరకలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ ఊళ్ళో ఉన్న లెడర్లీ మందుల కంపెనీ ప్రయోగశాలకు మారారు. కొద్ది కాలానికే అక్కడి పరిశోధన మొత్తానికి డైరెక్టరయ్యారు. అన్నదమ్ముల్ని తీసుకుపోయిన జబ్బు సంగతి తేల్చడానికి కావలసిన మనుషులు, సామాను ఆయన చేతికి వచ్చింది అప్పుడే.

ఆకుకూరలో ఉన్నది

రక్తం తగ్గిపోయే జబ్బుల్లో కాలేయం తినిపిస్తే కొందరు కోలుకుంటున్నారని 1920లలోనే తెలిసింది. బొంబాయిలో పనిచేసిన లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు, మిల్లు కార్మిక కుటుంబాల గర్భిణుల్లో కనబడే ఒక రకం రక్తహీనత ఈస్ట్ సారంతో తగ్గడం 1930ల మొదట్లో గమనించారు. కాలేయంలో, ఈస్ట్‌లో, ఆకుకూరల్లో ఏదో ఉంది. పాలకూర నుంచి తీసిన దానికి టెక్సాస్ శాస్త్రవేత్తలు 1941లో ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. లాటిన్‌లో ఫోలియం అంటే ఆకు.

పేరు పెట్టినంత మాత్రాన మందు రాదు. అది శుద్ధంగా, కావలసినంత కావాలి. సుబ్బారావు గారి బృందం దాని నిర్మాణం తేల్చి, 1945 ప్రాంతంలో ప్రయోగశాలలో తయారుచేసింది. వెంటనే స్ప్రూ రోగులకు ఇచ్చి చూశారు. రక్తం పెరిగింది, మనుషులు కోలుకున్నారు. ఇంట్లో ఇద్దరు పోయిన పాతికేళ్ళకు ఆ జబ్బుకు మందు దొరికింది.

ఇక్కడి నుంచి కథ బ్లడ్ క్యాన్సర్ వైపు తిరుగుతుంది. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే పాథాలజిస్టు ఉండేవాడు. అప్పట్లో పిల్లల లుకేమియాకు వైద్యమే లేదు. జబ్బు తెలిసిన వారాల్లోనో కొద్ది నెలల్లోనో బిడ్డ పోయేది. ఫోలిక్ యాసిడ్ రక్తహీనత తగ్గిస్తోంది కదా అని, దానికి దగ్గరి పదార్థాల్ని ఆయన లుకేమియా రోగులకు ఇచ్చి చూశాడు. జబ్బు తగ్గలేదు సరికదా, ఇంకా వేగం పుంజుకుంది. ఆ చేదు ఫలితం ఒక విషయం చెప్పింది. లుకేమియా కణాలు ఫోలిక్ యాసిడ్‌ను తిని బలుస్తున్నాయి. అయితే దాన్ని అందకుండా చేస్తే?

సుబ్బారావు గారి లాబ్‌లో ఫోలిక్ యాసిడ్‌కు నకళ్ళు తయారయ్యాయి. డోరిస్ సీగర్ అనే రసాయన శాస్త్రవేత్త, ఆమె సహచరులు చేసిన అమినోప్టెరిన్ అందులో ఒకటి. చూడడానికి అచ్చం ఫోలిక్ యాసిడ్ లాగే ఉంటుంది. కణం మోసపోయి లోపలికి తీసుకుంటుంది. కొత్త కణం పుట్టాలంటే కావలసిన డీఎన్ఏ తయారీలో ఒక ఎంజైముకు అది అతుక్కుని పని ఆపేస్తుంది. తాళంలో సరిగ్గా పట్టి, తిరగక ఇరుక్కుపోయిన తాళంచెవి లాంటిది. దానికి కొద్ది మార్పుతో అదే లాబ్‌లో వచ్చిన ఇంకో నకలే మెథోట్రెక్సేట్.

తగ్గింది, మళ్ళీ వచ్చింది

1947 చివర్లో ఫార్బర్ అమినోప్టెరిన్ ఇవ్వడం మొదలుపెట్టాడు. 1948 జూన్‌లో ఫలితాలు అచ్చయ్యాయి. 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది. కొందరి రక్తం మామూలు స్థితికి వచ్చింది. మంచం మీద నుంచి లేచి ఆడుకున్నారు. వైద్య చరిత్రలో పిల్లల లుకేమియా ఒక మందుకు వెనక్కి తగ్గడం అలా మొదలైంది. ఇలా జబ్బు ఆనవాళ్ళు పరీక్షకు అందని స్థితినే డాక్టర్లు రెమిషన్ అంటారు.

కానీ అది నెలల ముచ్చటే అయింది. ఆ పిల్లలకు జబ్బు తిరిగి వచ్చింది, ఈసారి అదే మందుకు లొంగలేదు. ఆ కాలపు తల్లిదండ్రుల గురించి ఒక్క క్షణం ఆలోచించండి. పోతాడనుకున్న బిడ్డ లేచి తిరిగాడు. ఇంక భయం లేదనుకున్నారు. కొన్ని నెలలకే మళ్ళీ అదే ఆసుపత్రి.

ఆ ఫలితాలు అచ్చయిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో, సుబ్బారావు గారు నిద్రలోనే గుండె ఆగి కన్నుమూశారు. వయసు 53 ఏళ్ళు. బోదకాలు మందు అప్పటికి ఏడాది కిందటే బయటికొచ్చింది. ఆయన మార్గదర్శకత్వంలో బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిది, అదే ఏడు లోకానికి తెలిసింది. తన మందు పిల్లల లుకేమియాను పూర్తిగా నయం చేయడం మాత్రం ఆయన చూడలేదు. నోబెల్ బహుమతి రాలేదు. మన తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది 1995లో, శతజయంతికి.

ఆయన పోయాక తేలిన సంగతి

మందు ఉంది, మందు పనిచేస్తోంది. మరి జబ్బు ఎందుకు తిరిగి వస్తోంది? లెక్క చూస్తే తెలుస్తుంది. లుకేమియా బయటపడేనాటికి ఒంట్లో దాదాపు లక్ష కోట్ల జబ్బు కణాలు ఉండొచ్చని అంచనా. ఎముక మూలుగలో, అంటే బోన్ మ్యారోలో, అపరిపక్వ కణాలు 5 శాతం లోపుకు వస్తే, మామూలు రక్తకణాలు కోలుకుంటే రెమిషన్ వచ్చినట్టు. అప్పటికి 100లో 99 కణాలు పోయాయనుకున్నా ఇంకా వెయ్యి కోట్లు మిగిలి ఉంటాయి. మైక్రోస్కోపుకు అవి కనబడవు. బిడ్డ ముఖంలో అసలే కనబడవు. మందు ఆపితే ఆ వెయ్యి కోట్లు మళ్ళీ లక్ష కోట్లవుతాయి.

అందుకే 1950లు, 60లలో వైద్యులు రెండు పనులు నేర్చుకున్నారు. ఒకటి, వేరువేరు దారుల్లో దెబ్బతీసే మందుల్ని కలిపి ఇవ్వడం. గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ కనుగొన్న 6-మెర్కాప్టోప్యూరిన్ 1953లో వాడకంలోకి వచ్చింది. రెండు, రెమిషన్ వచ్చాక కూడా వైద్యం ఆపకపోవడం. 1962లో మెంఫిస్‌లో తెరిచిన సెయింట్ జూడ్ ఆసుపత్రిలో డోనాల్డ్ పింకెల్ బృందం వైద్యాన్ని దశలుగా విడదీసింది. మొదట రెమిషన్ తెప్పించడం, తర్వాత గట్టిపరచడం, మెదడు వెన్నుపాముల్లో దాగిన కణాలకు ప్రత్యేక వైద్యం, ఆపైన ఏళ్ళపాటు తక్కువ మోతాదు మందులు. ఈ చివరి దశనే మెయింటెనెన్స్ అంటారు. పిల్లల్లో ఎక్కువగా వచ్చే అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా, అంటే ఏఎల్ఎల్, ఇలా 1970 నాటికి సగం మందిలో నయమయ్యే జబ్బయింది. ఇవాళ మంచి వసతులున్న దేశాల్లో దాదాపు 90 శాతం పిల్లలు బతికి బయటపడుతున్నారు.

ఈ దశలో ముఖ్యంగా ఉండేవి రెండే రెండు మాత్రలు. 6-మెర్కాప్టోప్యూరిన్ రోజూ. సుబ్బారావు గారి మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి. వీటితో పాటు అప్పుడప్పుడు ఇంజెక్షన్లు ఉండొచ్చు. మొత్తం వైద్యం రెండు నుంచి మూడేళ్ళు. క్రమం తప్పకుండా రక్తపరీక్ష చేసి, తెల్లకణాలు మరీ పడిపోకుండా, మరీ పెరగకుండా డాక్టరు మోతాదు సర్దుతూ ఉంటారు. ఒకే వయసు పిల్లలిద్దరికి మోతాదులు వేరుగా ఉండడం మామూలే, ఆ మందును అరిగించుకునే జన్యువులు ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంటాయి.

ఇంట్లో వేసుకునే మాత్రలు కాబట్టి ఇక్కడ నర్సు ఉండదు, అమ్మానాన్నలే ఉంటారు. అమెరికాలో డాక్టర్లు 6-మెర్కాప్టోప్యూరిన్ మాత్ర సీసా మూత ఎప్పుడెప్పుడు తెరుచుకుందో నమోదుచేసే పరికరంతో గమనించారు. 100 మోతాదుల్లో 5 కంటే ఎక్కువ తప్పినవాళ్ళలో జబ్బు తిరగబెట్టే ప్రమాదం రెండు రెట్లకు పైగా ఉందని 2012లో ప్రచురించారు. నెలకు రెండు మాత్రలు మరిచిపోతే దాటిపోయే గీత అది. పెళ్ళిళ్ళు, ప్రయాణాలు, పరీక్షలు, పిల్లాడి అలక, వీటి మధ్య రెండు మరిచిపోవడం ఎంత తేలికో మీకు తెలుసు. మెథోట్రెక్సేట్ విషయంలో తప్పు రెండోవైపు కూడా జరగొచ్చు. వారానికి వేయాల్సినది పొరపాటున రోజూ వేస్తే ప్రాణాపాయం. అందుకే ఏ వారం వేయాలో చీటీ మీద పెద్ద అక్షరాలతో రాయించుకోమంటారు.

పెద్దవాళ్ళ లుకేమియాలో

మీ ఇంట్లో తాతగారికో అమ్మమ్మకో వచ్చే రకం వేరు కావచ్చు. దాని పేరు అక్యూట్ మైలాయిడ్ లుకేమియా, ఏఎంఎల్. ఇది పెద్ద వయసులో ఎక్కువ. ఆసుపత్రిలో ఉంచి గట్టి కీమోథెరపీ ఇస్తే చాలామందిలో రెమిషన్ వస్తుంది, కానీ చాలామందిలో తిరగబెడుతుంది కూడా. సరిపోయే దాత, ఓపిక ఉంటే బోన్ మ్యారో మార్పిడి చేస్తారు. మార్పిడికి వీలుకానివాళ్ళ సంగతేమిటి? పిల్లల ఏఎల్ఎల్‌లో అంతగా ఫలించిన మెయింటెనెన్స్, ఏఎంఎల్‌లో దశాబ్దాలపాటు ఎన్ని రకాలుగా ప్రయత్నించినా ఆయుష్షు పెంచుతుందని గట్టిగా తేలలేదు. ఏఎంఎల్‌లోనే ఏపీఎల్ అనే ఒక చిన్న రకం దీనికి మినహాయింపు. దాని వైద్యవిధానాలు కొన్నింటిలో మెయింటెనెన్స్ మందుల మధ్య మెథోట్రెక్సేట్ కూడా ఉంది.

2020 సెప్టెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ నోటితో వేసుకునే అజాసైటిడిన్ మాత్రను, మొదటి రెమిషన్‌లో ఉండి, మిగతా గట్టి వైద్యం పూర్తిచేయలేని ఏఎంఎల్ రోగుల కోసం అనుమతించింది. 28 రోజుల్లో 14 రోజులు వేసుకోవాలి. 55 ఏళ్ళు, ఆపైబడినవాళ్ళ మీద జరిగిన పరిశీలనలో, ఆ మాత్ర వేసుకున్నవాళ్ళలో సగం మంది దాదాపు 25 నెలలకు పైగా బతికారు. మందులేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో ఆ కాలం దాదాపు 15 నెలలు. ఆ 10 నెలల తేడా చాలామందికి చిన్నదనిపించవచ్చు. ఆ ఇంట్లో మనవడి పదో తరగతి రిజల్టు చూసే తాతగారికి చిన్నది కాదు. జన్యువుల్లో ఫలానా మార్పు ఉన్నవాళ్ళకు పనికొచ్చే ఇంకొన్ని మాత్రలు కూడా ఈ దశలో ఇస్తున్నారు. ఏది ఎవరికి సరిపోతుందో చెప్పాల్సింది రక్తవ్యాధుల డాక్టరే. నేను ఇంగ్లిష్ టీచర్‌ని, డాక్టర్‌ని కాను.

మన తరగతి గదిలో

మెయింటెనెన్స్‌లో ఉన్న పిల్లలు బడికి వస్తారు. రావాలని డాక్టర్లే అంటారు. జుట్టు మళ్ళీ వస్తుంది, బుగ్గలు మామూలవుతాయి, పక్క బెంచీ పిల్లలకు తేడా తెలియదు. కానీ ఆ మాత్రల వల్ల వాళ్ళ ఒంట్లో రోగాన్ని ఎదిరించే శక్తి తక్కువగా ఉంటుంది. మీ బిడ్డకు వారంలో తగ్గిపోయే ఆటలమ్మ వాళ్ళకు ఊపిరితిత్తుల దాకా పాకి ప్రాణం మీదికి తేగలదు. అలాంటి బిడ్డ దగ్గరలో ఎవరికైనా ఆటలమ్మ వచ్చిందని తెలిసిన రోజే డాక్టరుకు చెబితే కాపాడే మందులున్నాయి. ఆలస్యమైతే ఆ మందులు అంతగా పనిచేయవు.

మన ఇళ్ళలో ఏం చేస్తామో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అమ్మవారు పోసిందని గుమ్మానికి వేపాకు కడతాం, మంచం మీద వేపరెమ్మలు పరుస్తాం. బడికి పంపే లీవ్ లెటర్లో మాత్రం జ్వరం అని రాస్తాం. వేపాకు మానమని నేను అడగడం లేదు. లెటర్లో ఉన్నది ఉన్నట్టు రాయండి అంటున్నాను. పొక్కులు కనబడడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఆటలమ్మ అంటుకుంటుంది, అంటే మీరు చూసేసరికే మీ బిడ్డ క్లాసులో కూర్చుని వచ్చి ఉంటుంది. పొక్కులన్నీ చెక్కు కట్టేదాకా బడికి పంపకండి. యూనిట్ టెస్ట్ పోతుందన్న బెంగ వద్దు, టెస్ట్ మళ్ళీ పెట్టవచ్చు.

ఇంకో రెండు మాటలు. లుకేమియా అంటువ్యాధి కాదు. ఆ బిడ్డ పక్కన కూర్చున్నా, టిఫిన్ బాక్సు పంచుకున్నా మీ బిడ్డకు రాదు. సీటు మార్చమని అడగకండి. అలాగే ఆ తల్లిదండ్రులు కనబడితే, పిల్లాడు బాగానే ఉన్నాడుగా ఇంకా మందులెందుకు అని అనకండి. ఆ మాట వాళ్ళు ఇప్పటికే పదిమంది నోట విని ఉంటారు. బాగానే కనబడిన బిడ్డకు జబ్బు మళ్ళీ ఎలా తిరిగి రాగలదో ఆనాటి బోస్టన్ పిల్లలు చూపించారు.

మీ బిడ్డే ఈ వైద్యంలో ఉంటే, ఆ సంగతి క్లాస్ టీచర్‌కు, ప్రిన్సిపాల్‌కు చెప్పండి. ఎవరికి తెలియాలో ఎవరికి తెలియకూడదో మీరే నిర్ణయించండి. రక్తపరీక్ష రోజుల సెలవులు, ఆటల పీరియడ్, జ్వరమొస్తే వెంటనే ఎవరికి ఫోన్ చేయాలి, ఇవన్నీ ముందే మాట్లాడుకుంటే మేము తడబడం.

సంక్రాంతి సెలవుల తర్వాత బడి తెరిచేటప్పుడు ఒక్క పని చేయండి. సెలవుల్లో ఇంట్లో ఎవరికైనా ఆటలమ్మ, తట్టు, గవదబిళ్ళలు వచ్చి ఉంటే ఏ తేదీన వచ్చిందో డైరీలో రాసి పంపండి. అందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు.